గూట్లో పరుపులమ్మ

ముందుగా చదివేవాళ్ళకి ఒక మనవి. నాకు అక్షరాలు అరవై ఆరో ఏట వచ్చాయి. ఒత్తు పడాల్సినచోట పడకపోయినా, దీర్ఘం ఉండాల్సినచోట పొట్టిగా మిగిలిపోయినా పెద్దమనసు చేసుకుని సర్దుకోవాలి. చెయ్యి కూడా నెమ్మది. ఈ కథ జరగడానికి పది రోజులు పట్టింది, నేను రాయడానికి నాలుగు నెలలు పట్టింది. ఇందులో కొంత కళ్ళారా చూశాను, కొంత ఆ ఇంటివాళ్ళు చెప్పగా విన్నాను. ఇక మొదలుపెడతాను.

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పరుపులమ్మ అంటేనే పలుకుతుంది. భర్త, మామగారు, ఆయన తండ్రి, అందరూ పరుపులు కుట్టినవాళ్ళే. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నెలకే ఆవిడ చేతిలో దబ్బనం పెట్టారు. అప్పటినుంచి నలభై ఏళ్ళు ఇంటివెనక రేకుల షెడ్డులో దూది ఏకింది, దట్టించింది, కుట్టింది, ముడులు వేసింది. తర్వాత షాపుల్లోకి కొత్తరకం పరుపులొచ్చాయి. చాపలా చుట్టి డబ్బాలో పెట్టి ఇస్తారు. ఇంటికెళ్ళి విప్పితే బుస్సుమని లేస్తాయి. "అది పరుపా, పామా?" అని ఆవిడ భర్త చివరిదాకా వాటిని ఒప్పుకోలేదు. ఆయన పోయి ఐదేళ్ళయింది. ఆవిడ ఆఖరి పరుపు కుట్టి మూడేళ్ళయింది.

షెడ్డు ఖాళీగా ఉంది. దాని మీద అల్లుడి కన్ను పడింది.

అల్లుడు చెడ్డవాడేం కాదు. బడిపిల్లల బస్సు నడుపుతాడు. రోజంతా యాభైమంది పిల్లల అరుపులు విని వస్తాడు కాబట్టి ఇంట్లో గట్టిగా మాట్లాడడు. కానీ ఎవరో వాడి వాడి విసుగెత్తి అమ్మేసిన ఒక కారు మీద మనసుపడ్డాడు.

"అత్తయ్యా, ఆ షెడ్డు ఊరికే ఉంది కదా," అన్నాడొక సాయంత్రం అన్నం తింటూ, పళ్ళెంలోకి చూస్తూ. ఏదైనా కావలసి వచ్చినప్పుడు అతను పళ్ళెంలోకే చూస్తాడు.

"ఉండనీ బాబూ. నిన్నేమన్నా అన్నం అడుగుతోందా?" అంది పరుపులమ్మ.

"అది కాదు. వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం కారొస్తోంది. ఎండలో పెడితే రంగు పోతుంది."

"రంగుందా దానికి?"

కూతురు నవ్వు ఆపుకోవడానికి గబగబా మంచినీళ్ళు తాగింది.

పరుపులమ్మకి మాత్రం నవ్వు రాలేదు. షెడ్డులోకి కారొస్తే తనిక ముందుగదిలో టీవీ ఎదురుగా, కుర్చీకీ బీరువాకీ మధ్య, ఇంకో సామానులా కూర్చోవాలి. పొద్దున్నే లేచి తలుపు తీసుకుని వెళ్ళడానికి తనకంటూ ఒక చోటుండదు. నాకు ఆ షెడ్డు కావాలి అంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పడం ఆవిడకి చేతకాదు. అందుకని నోటికి ఏదొస్తే అది అనేసింది.

"నేనందులో కోళ్ళు పెంచుదామనుకుంటున్నాను."

"మీరా?"

"నేనే."

"ఎప్పుడనుకున్నారు?"

"ఎప్పట్నుంచో!"

అనుకుని అరనిమిషం కూడా కాలేదు.

కూతురు ఆసుపత్రి కౌంటరులో చీటీలిచ్చే ఉద్యోగం చేస్తుంది. రోజుకి మూడువందలమందిని వరసలో నిలబెట్టే మనిషికి ఇంట్లో ఇద్దరొక లెక్కా? గ్లాసు కింద పెట్టి తీర్పు చెప్పేసింది.

"ఇందులో గొడవేముంది? పదిరోజులు టైముంది. పై శనివారం సాయంత్రంలోపల షెడ్డులోకి కోళ్ళొస్తే షెడ్డు అమ్మది. రాకపోతే ఆదివారంనుంచి కారుది. గూడు మాత్రం మీరే కట్టిపెట్టాలండీ. అమ్మ సుత్తి పట్టుకుంటే వేళ్ళు మిగలవు."

"నా కారుకి నేనే అడ్డం కట్టుకోవాలా?" అన్నాడు అల్లుడు.

"కట్టుకోండి. తర్వాతెవరు?" అని అలవాటుకొద్దీ అనేసి నాలిక్కరుచుకుంది. "అదే, ఇంకా అన్నం ఎవరికి?"

ఊరి చివర ఒక కోళ్ళామె ఉంది. పెట్టల్ని పెంచి ఇళ్ళకి ఇస్తుంది. ఇస్తుంది అంటే, ఆవిడ ఇవ్వాలనుకుంటే ఇస్తుంది. నోరు మంచిది కాదు. ముఖం ఎప్పుడూ చింతపండు నమిలినట్టుంటుంది. ఏ ఇంటికైనా కోళ్ళిచ్చే ముందు తనే వెళ్ళి గూడు చూస్తుంది. నచ్చకపోతే తెచ్చిన గంప తెచ్చినట్టే నెత్తినపెట్టుకుని వెళ్ళిపోతుంది. ఒకసారి ఒక డాక్టరుగారి గుమ్మంలోంచే అలా వెనక్కి తిరిగిందని చెప్పుకుంటారు.

మర్నాడు పొద్దున్నే పరుపులమ్మ ఆవిడ దగ్గరికెళ్ళింది.

"ఎన్ని కావాలి?" అంది కోళ్ళామె, చేతిలో పని ఆపకుండానే.

"ఆరు పెట్టలు, అక్కా."

"ఇదివరకు పెంచావా?"

"లేదు."

"మరేం పెంచావు?"

"కూతుర్ని."

"ఎలా ఉంది?"

"ఆసుపత్రిలో ఉద్యోగం."

"సంతోషం. అది లెక్కలోకి రాదు. ఇలా కూర్చో, ఏమేం కావాలో చెప్తాను. కాగితం తెచ్చావా?"

"తెచ్చి ఏం చేస్తాను? రాయడం నాకు రాదు."

"చదవడం నాకూ రాదులే."

పరుపులమ్మ నడుముదగ్గరి సంచిలోంచి దారం తీసింది. కొలతలు గుర్తుపెట్టుకోవడానికి పరుపులవాళ్ళకి ఒక పద్ధతుంది. చెప్పినదానికల్లా ఒక ముడి, పెద్ద విషయమైతే రెండు ముళ్ళు. ఇంటికొచ్చి దారాన్ని వేళ్ళతో తడుముకుంటే అన్నీ వరసగా గుర్తొస్తాయి. కోళ్ళామె చెప్పుకుంటూ పోయింది, ఈవిడ ముళ్ళేసుకుంటూ పోయింది.

గూడు నేలకి మోకాలెత్తున ఉండాలి. జాలీ చిటికెనవేలు దూరనంత సన్నంగా ఉండాలి. తలుపు తనంతట తనే మూసుకుని బయటినుంచి గడియ పడాలి. "మనుషులు మరిచిపోతారు, పిల్లి మరిచిపోదు." వాలడానికి కర్ర. గుడ్లు పెట్టడానికి చీకటిగా, మెత్తగా ఉండే అరలు. నూకలు, తవుడు, దాణా వేసుకోవడానికి మూత గట్టిగా ఉన్న డబ్బా. నీళ్ళకి బరువైన పళ్ళెం. గవ్వలపొడి, చిన్న గులకరాళ్ళు.

"రాళ్ళెందుకు?"

"కోడికి పళ్ళున్నాయా నమలడానికి? కడుపులో రాళ్ళే దానికి తిరగలి. ఇసుకా బూడిదా కలిపి ఒక తొట్టెలో పొయ్యి, అది స్నానానికి."

"బూడిదలో స్నానమా?"

"నువ్వు చెయ్యక్కర్లేదు. పై శనివారం నాలుగింటికి వస్తాను. బాగుంటే ఇస్తాను, లేకపోతే నా దారి నాది."

పరుపులమ్మ లేచి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అరలు మెత్తగా అన్నావు, ఎంత మెత్తగా?"

"మెత్తగా అంటే మెత్తగానే. అదీ నీకు నేను చెప్పాలా?"

పరుపులమ్మ అక్కడ రెండు ముళ్ళేసింది.

అల్లుడు రోజూ బస్సు దిగి వచ్చి, టీ తాగి, షెడ్డులోకి వెళ్ళేవాడు. గూడు చెడగొడితే కారుకి చోటొస్తుందని తెలుసు. కానీ చెడ్డపని చెయ్యడం చేతకాని మనిషి. వంకర చెక్క తగిలితే నిద్రపట్టదు. నాలుగు కాళ్ళమీద మంచమంత పొడుగు, ఛాతీదాకా ఎత్తు ఉన్న గూడు లేచింది. పక్కన గుడ్లు తీసుకోవడానికి చిన్న కిటికీ పెట్టాడు. తలుపుకి స్ప్రింగు వేసి, మూసుకోగానే టక్కుమని పడే గడియ బిగించాడు. ఆ గడియని ఇరవైసార్లు తీసి మూసి, పెళ్ళాన్ని చూడమని పిలిచాడు. ఆవిడ వంటింట్లోంచే "బాగుందండీ" అంది. "చూడకుండానే?" "వినబడుతోందిగా!"

గూడు పోగా మిగిలిన షెడ్డంతా కోళ్ళు తిరగడానికి. దాని చుట్టూ కూడా జాలీ కట్టాడు. "నా కారు ముందుచక్రం ఇక్కడుండాల్సింది," అని అప్పుడప్పుడూ నేలమీద ఒకచోట నిలబడి నిట్టూర్చేవాడు.

ఆ పక్కనే పరుపులమ్మ పీటేసుకుని కూర్చుంది. అటకమీద మిగిలిన దూది దించింది, పాత చారల గుడ్డ దులిపింది. మూడేళ్ళ తర్వాత దబ్బనం చేతిలోకి వస్తే వేళ్ళు మొదట మొరాయించాయి, రెండో రోజుకి దారిలోకొచ్చాయి. అరకొకటి చొప్పున ఆరు పరుపులు, ఒక్కొక్కటీ మూరెడు పొడుగు, మూరెడు వెడల్పు. అంచులు గట్టిగా మలిచి కుట్టింది. పైన తొమ్మిదిచోట్ల గుచ్చి, ముడులు లోపలికి పోయేలా లాగింది. పెద్ద పరుపుకి ఎంత శ్రద్ధ పెడుతుందో అంతా పెట్టింది.

అల్లుడు ఒకదాన్ని చేతిలోకి తీసుకుని నొక్కి చూశాడు. "అత్తయ్యా, ఇవి కోళ్ళకా, కొత్తల్లుళ్ళకా?"

"కొత్తల్లుడికి ఇంత మంచిది ఇవ్వలేదులే," అంది కూతురు గుమ్మంలోంచి.

పరుపులమ్మ తల ఎత్తలేదు. ఆ వారం ఆవిడకి ఆకలి వేసింది, నిద్ర పట్టింది. ఇంట్లో ఎవరూ ఆ సంగతి పైకి అనలేదు. అంటే ఆగిపోతుందేమోనని భయం.

శనివారం వచ్చింది. అల్లుడు బస్సుకెళ్ళాడు, కూతురు ఆసుపత్రికెళ్ళింది. ఇద్దరూ మూడుంపావుకల్లా వచ్చేస్తామన్నారు. పరుపులమ్మ షెడ్డు ఊడ్చింది, నీళ్ళపళ్ళెం నింపింది, తొట్టెలో బూడిద సరిచేసింది, ఆరు పరుపులూ ఆరు అరల్లో పరిచింది. అంతా అయ్యాక దూరంగా నిలబడి చూసుకుంది. ఏదో వెలితిగా అనిపించింది. ఆలోచిస్తే తెలిసింది. పడుకుని చూడలేదు.

ఆ ఇంట్లో అదొక ఆచారంలాంటిది. కుట్టినవాళ్ళు పడుకుని చూడందే పరుపు గడప దాటదు. కుడివైపు కాసేపు, ఎడమవైపు కాసేపు, ఆఖర్న వెల్లకిలా. మామగారి తండ్రి పెట్టిన నియమం. ఆవిడ భర్త ఒకసారి గిరాకీవాళ్ళింట్లోనే అలా పడుకుని చూస్తూ గురకపెట్టి నిద్రపోయాడు. వాళ్ళు పాపం సాయంత్రందాకా చప్పుడు చెయ్యకుండా తిరిగారు. పరుపు ఎంత బాగుందో వేరే చెప్పక్కర్లేకపోయింది.

పన్నెండున్నరకి పరుపులమ్మ చెప్పులు విప్పి, అటూఇటూ చూసి, వంగి గూట్లోకి దూరింది. మోకాళ్ళు ముడుచుకుని, మొదటి అరలోని పరుపుమీద తల ఆనించి కుడివైపు ఒరిగింది. తలుపు తనంతట తనే మూసుకుంది. టక్కుమంది.

ఆ చప్పుడికి ఆవిడకి మొదట గర్వమే కలిగింది. అల్లుడి చేతిపని గొప్పదే. ఆ తర్వాత విషయం బుర్రకెక్కింది. లేచి తోసింది. కదల్లేదు. జాలీలోంచి వేలు దూర్చబోయింది. చిటికెనవేలు కూడా దూరలేదు. గుడ్ల కిటికీలోంచి భుజందాకా చెయ్యి చాపింది. గడియకి ఇంకో మూరెడు దూరముంది. కోళ్ళామె చెప్పినవన్నీ అక్షరాలా పాటించినందుకు దొరికిన ఫలం అది.

అరుద్దామనుకుంది. పక్కింటివాళ్ళొస్తారు. వచ్చి చూసి వెళ్ళి వీధంతా చెప్తారు. ఇంకో వారంలో గూట్లమ్మ అని పేరు మారుస్తారు. మూడుంపావుకి పిల్లలొస్తారు కదా అని నోరు మూసుకుంది. ఎలాగూ లోపలున్నాను, మొదలెట్టిన పని పూర్తిచేద్దామని ఎడమవైపుకి ఒరిగింది.

చెప్పిన వేళకి వెళ్ళడం కోళ్ళామెకి అలవాటు లేదు. చెప్పిన వేళకి వెళితే ఊడ్చిన నేల తప్ప ఏం కనబడుతుందని ఆవిడ వాదన. రెండింటికే గంప నెత్తినపెట్టుకుని వచ్చేసింది.

"ఎవరమ్మా ఇంట్లో?"

"వెనక్కి రా అక్కా," అని ఎక్కడినుంచో సన్నగా వినబడింది.

వెనక్కొచ్చి షెడ్డంతా చూసింది. మనిషి లేదు. గుమ్మంలో చెప్పులు మాత్రం ఉన్నాయి.

"ఎక్కడున్నావే?"

"గూట్లో."

కోళ్ళామె గంప దించి, నడుం పట్టుకుని వంగి చూసింది. జాలీ వెనక పరుపులమ్మ, మోకాళ్ళమీద గడ్డం ఆనించుకుని, జుట్టుకి దూదితో కూర్చుని ఉంది.

"నేను కోళ్ళు తెచ్చేదాకా ఆగలేకపోయావా? నువ్వే ఎక్కావు?"

"పరీక్ష చేద్దామని దూరాను. గడియ పడిపోయింది. తియ్యి అక్కా, నీకు పుణ్యముంటుంది."

కోళ్ళామె గడియమీద చెయ్యేసింది. కదిపింది, లాగింది, వంగి చెవిపెట్టి విన్నది. చెయ్యి తీసేసింది.

"బాగుంది. ఎవరు పెట్టారు?"

"అల్లుడు. తియ్యి మరి."

"ఉండు, తొందరేముంది? నేను చూడొచ్చిన పని చూడనీ. ఎప్పుడెక్కావు?"

"పన్నెండున్నరకి."

"గంటన్నర! ఇన్నేళ్ళలో ఎవరి గూడైనా నేను బయటినుంచే చూశాను. లోపలున్నవాళ్ళని అడుగుదామంటే వాటికి మాటలు రావు. నీకొచ్చు. చెప్పు, ఎలా ఉంది?" అని పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది.

పరుపులమ్మకి ఒళ్ళు మండింది. కానీ గంటన్నరగా చూసింది చెప్పకుండా ఉండలేకపోయింది.

"ఎండ అక్కా. ఒంటిగంట దాటినప్పట్నుంచి ఆ పక్క జాలీలోంచి సూటిగా కళ్ళల్లో కొడుతోంది. అక్కడ అడ్డం కట్టాలి."

"ఒకటి."

"ఈ కర్ర చూడు. గుండ్రంగా నున్నగా ఉంది. లేద్దామని పట్టుకుంటే చేతిలో తిరిగిపోతోంది. కాళ్ళకేం ఆనుతుంది? బల్లపరుపుగా ఉన్నది కావాలి."

"రెండు."

"ఇక్కడ మేకు మొన బయటికొచ్చింది. నా జుట్టు పీకింది. కోడికైతే కంట్లోనే."

"మూడు."

"నీళ్ళపళ్ళెం సరిగ్గా కర్ర కింద ఉంది. పైన కూర్చున్నవాళ్ళు కింద ఏం చేస్తారో నేను చెప్పక్కర్లేదు."

"నాలుగు. ఇంకా?"

పరుపులమ్మ గొంతు తగ్గించింది. "ఆ మూల పలకల మధ్య సందుంది. అందులోంచి ఎలక ముక్కు పెట్టి చూసింది. నన్ను చూసి ఆశ్చర్యపోయి వెళ్ళిపోయింది."

"ఐదు," అంది కోళ్ళామె. ముడిచిన ఐదు వేళ్ళనీ ఒకసారి చూసుకుంది. "ఐదూ నిజమే. ఐదూ అల్లుడివే. మరి నీ తప్పులేవి?"

"నావేముంటాయి?"

"నీ పక్కన ఆరున్నాయి."

పరుపులమ్మ పక్కకి చూసింది. ఆరు పరుపులు, చారలు వరసలో, అంచులు గీత గీసినట్టు.

"మెత్తగా అన్నావుగా?"

"మెత్తగా అంటే గడ్డి! చిత్రికపొట్టు! దూది కాదు. కోడికి చేతుల్లేవు, ఏదున్నా ముక్కుతో పీకి చూస్తుంది. దూది మింగితే మెడ కింద సంచిలో ఉండకట్టి కూర్చుంటుంది. మేత దిగదు. వారంలో పోతుంది. తీసెయ్యి."

"గట్టిగా కుట్టాను. నా కుట్టు ఊడదు."

"ఊడుతుంది."

"నలభై ఏళ్ళ చెయ్యి ఇది! మనుషులు పొర్లాడితేనే ఊడలేదు."

"మనుషులు ముక్కుతో పొడవరు. పరుపులు తీస్తేనే కోళ్ళు. లేదంటే ఇదిగో గంప, ఇదిగో నేను."

"ఇది తక్కువ అని నాతో ఇంతవరకూ ఎవరూ అనలేదు," అంది పరుపులమ్మ. "మూడేళ్ళకి చేసిన పని అక్కా."

"కోడికి ఆ సంగతి తెలియదు."

ఆ పంతంలోనే మూడు దాటింది. సరిగ్గా అప్పుడే అల్లుడూ కూతురూ వచ్చారు. ఇద్దరూ షెడ్డు గుమ్మంలో ఆగిపోయారు. గూట్లో అత్తగారు, బయట పీటమీద కోళ్ళామె, మధ్యలో గంపలో కోళ్ళు. అల్లుడు ముందు గడియవైపు చూశాడు. అడగాల్సింది అడగలేదు.

"అత్తయ్యా, గడియ పనిచేసిందన్నమాట!"

"భేషుగ్గా చేసింది బాబూ. నువ్వే తియ్యాలి."

"ఆగు నాయనా," అంది కోళ్ళామె. "మీ అత్తగారూ నేనూ ఒక విషయం తేల్చుకుంటున్నాం. పరుపులు తియ్యనంటోంది. తియ్యకపోతే నేను వెళ్ళిపోతాను."

అల్లుడు భార్య వైపు చూశాడు. భార్య అతని వైపు చూసింది. ఇప్పుడతను నోరు మెదపకుండా నిలబడితే చాలు, రేపు కారు చల్లగా షెడ్డులో ఉంటుంది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, కోళ్ళకి తప్ప.

అతను నేలవంక చూశాడు. పళ్ళెం లేదు కదా, ఇంకెక్కడ చూస్తాడు. తర్వాత అన్నాడు, "పిన్నిగారూ, చెబితే నమ్మే మనిషి కాదు మా అత్తయ్య. చేత్తో పట్టుకుని చూస్తేనే నమ్ముతుంది. ఒక కోడినిచ్చి చూపించండి."

కోళ్ళామె అతన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. గంప మూత తీసి, ఎర్రటి పెట్టనొకదాన్ని రెండు చేతులా పట్టుకుని, గుడ్ల కిటికీలోంచి మొదటి అరలోకి వదిలింది.

పెట్ట పరుపుమీద నిలబడింది. తల ఒకవైపు వంచి చూసింది, రెండోవైపు వంచి చూసింది. పెట్ట చక్కగా కూర్చుంది. "చూశావా!" అంది పరుపులమ్మ.

పెట్ట లేచింది. అంచుమీద పొడవలేదు, గుడ్డమీద పొడవలేదు. వెతికి వెతికి, మధ్యలో లోపలికి దాచిన ముడిమీద టక్కుటక్కుమని రెండు పోట్లు పొడిచింది. మూడోపోటుకి దారం తెగింది. నాలుగోపోటుకి దూది బయటికొచ్చింది. ఐదోసారి మెడ చాచి మింగబోయింది.

"అమ్మో! వద్దే!" అని పరుపులమ్మ ఒక్క ఉదుటున దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. కోడిని పట్టుకోవడం ఆవిడకి జన్మలో అదే మొదటిసారి. అది రెక్కలు కొట్టింది, మొహం నిండా ఈకలు, దూది, దుమ్ము. ఈవిడ వదల్లేదు. ఎడమచేత్తో రెక్కలు అదిమి, కుడిచేత్తో ముక్కు తెరిచి, దూదిపోగు మెల్లగా, తెగకుండా, దబ్బనంలోంచి దారం తీసినట్టు తీసింది. జానెడుంది.

పెట్ట ఆవిడ ఒళ్ళో సర్దుకుని కళ్ళు మూసింది.

"తలుపు తియ్యి బాబూ," అంది పరుపులమ్మ కాసేపటికి. "పరుపులందిస్తాను, తీసుకో."

ఆరూ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆఖరికి ఆవిడ వచ్చింది, ఒక చేత్తో కోడి, ఒక చేత్తో నడుం. కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేకపోతే కూతురు పట్టుకుంది. కోళ్ళామె పెట్టని అందుకుని మళ్ళీ గంపలో పెట్టింది.

"నాదీ కొంత తప్పుందిలే," అంది కోళ్ళామె ఎటో చూస్తూ. "పరుపులు కుట్టే మనిషితో మెత్తగా ఉండాలని చెప్పి ఊరుకున్నాను. గడ్డి అని చెప్పాల్సింది." ఆవిడ తప్పు ఒప్పుకోవడం ఊళ్ళో ఎవరూ విని ఉండరు. విన్న ముగ్గురూ మర్యాదగా విననట్టే ఊరుకున్నారు.

తర్వాత గంటా గంటన్నర ఆ షెడ్డులో ఎవరూ కూర్చోలేదు. అల్లుడు మేకు మొన వంచాడు, సందుకి రేకు కొట్టాడు, గుండ్రటి కర్ర తీసి బల్లచెక్క బిగించాడు. కూతురు నీళ్ళపళ్ళెం గుమ్మంవైపుకి జరిపి, ఎండపక్క గోనెసంచి కట్టింది. పరుపులమ్మ వడ్రంగి దుకాణానికి వెళ్ళి బస్తాడు చిత్రికపొట్టు తెచ్చి అరల్లో పోసింది. ఎంత పొయ్యాలో అని చెయ్యి పెట్టి నొక్కి చూస్తుంటే కోళ్ళామె పక్కనుంచి, "పడుకుని మాత్రం చూడకు," అంది.

పరుపులు ఒక మూల దొంతరగా ఉన్నాయి. అల్లుడు వాటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"అత్తయ్యా, ఇందులో ఒకటి నాకిస్తారా? బస్సు సీటుకి. ఎనిమిదేళ్ళుగా నడుం విరుగుతోంది. మా డ్రైవర్లందరిదీ అదే గోల."

"ఎంతమంది ఉన్నారు?"

"పధ్నాలుగుమంది."

"సీటు కొలత తీసుకురా. మూరెడుది సరిపోదు," అంది పరుపులమ్మ, ఏం పట్టనట్టు. కానీ చెయ్యి అప్పుడే దారం కోసం నడుముదగ్గరి సంచిలోకి వెళ్ళింది.

ఐదు దాటాక కోళ్ళామె గూడు చుట్టూ ఆఖరిసారి తిరిగింది. కర్ర పట్టి ఊపింది. సందులో వేలు పెట్టింది. పెదవి విరుస్తుందేమోనని ముగ్గురూ ఆవిడ మొహమే చూస్తున్నారు.

"నాలుగిస్తాను," అంది. "ఈ నాలుగూ నెలరోజులు బాగుంటే మిగతా రెండూ తెస్తాను."

"అదేంటి పిన్నిగారూ, అన్నీ బాగుచేశాంగా!"

"అందుకే నాలుగు. డాక్టరుగారికి ఒక్కటీ ఇవ్వలేదు."

"కోళ్ళొస్తే అన్నావు గానీ, ఎన్నో చెప్పలేదు కదమ్మా?" అని పరుపులమ్మ కూతుర్నడిగింది కంగారుగా.

"చెప్పలేదు. నాలుగైనా కోళ్ళే," అంది కూతురు.

"మరి కారు?" అన్నాడు అల్లుడు, ఆశ వదులుకున్నవాడి గొంతుతో.

"వీధిలో ఉంటుందండీ. నీడలో పెట్టినంతమాత్రాన గుడ్లు పెడుతుందా?"

గంప మూత తీశారు. ముందు ఎర్రపెట్ట దిగింది, వెనక రెండు నల్లవి, ఆఖర్న మెడమీద ఈకల్లేని ఒక పెంకిది. నాలుగూ ఊడ్చిన నేలమీద నిలబడి, తమ ఇల్లు తాము చూసుకున్నట్టు నెమ్మదిగా అటూఇటూ చూశాయి. ఎర్రపెట్ట షెడ్డు మధ్యకి నడిచింది. కారు ముందుచక్రం ఉండాల్సిందని అల్లుడు నిట్టూర్చే చోట సరిగ్గా ఆగి, తోక కొంచెం ఎత్తి, పని కానిచ్చి ముందుకెళ్ళింది.

అందరూ దాని వంక చూశారు.

"సంతకం అయిపోయింది," అంది కూతురు. "తర్వాతెవరు?"

పరుపులమ్మ అప్పటికే చీపురు కోసం వెళ్ళింది.

—

ఇది రాసింది ఊళ్ళో అందరూ కోళ్ళామె అని పిలిచే నేనే. ఆవిడ నోరు మంచిది కాదని రాశానంటే బాగా తెలిసే రాశాను. నాకు ఓనమాలు దిద్దించింది పరుపులమ్మ కూతురు, ఆసుపత్రి చీటీల వెనకవైపున. ఇప్పుడు వయసు డెబ్బై ఒకటి. మా ఆయన పోయి పదమూడేళ్ళు. ఊరి చివర ఇల్లు వదిలేసి, పరుపులమ్మ షెడ్డుకి గోడ అవతలి గదిలో ఉంటున్నాను. దూదిపరుపు మీదే పడుకుంటున్నాను.